ఫ్రీ ట్రయల్ క్యాన్సిల్ చేసినా కార్డులో ఏడాది డబ్బు పెండింగ్ అని చూపిస్తోంది, పోయినట్టేనా?

నీలిగోళీ (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఒక వీడియో ఎడిటింగ్ యాప్ ఫ్రీ ట్రయల్ తీసుకున్నాను, ఏడు రోజులది. కార్డు నంబర్ ఇస్తే తప్ప లోపలికి రానివ్వలేదు, అందుకని డెబిట్ కార్డు ఇచ్చాను. ఇచ్చిన వెంటనే ఏదో చిన్న మొత్తం కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, కార్డు పనిచేస్తుందో లేదో చూసుకుంటున్నారేమో అనుకుని వదిలేశాను. యాప్ నాకు నచ్చలేదు. ట్రయల్ ఇంకా ఉండగానే వాళ్ల వెబ్‌సైట్‌లోకి వెళ్లి క్యాన్సిల్ చేశాను, క్యాన్సిల్ అయిందని మెయిల్ కూడా వచ్చింది. తీరా ఈరోజు పొద్దున బ్యాంక్ యాప్ తెరిస్తే ఏడాది ప్లాన్ డబ్బు మొత్తం, ఆ కంపెనీ పేరుతోనే, పెండింగ్ అని ఉంది. బ్యాలెన్స్‌లో ఆ మేరకు తగ్గిపోయింది కూడా.

బ్యాంక్‌కి ఫోన్ చేస్తే "ఇది ఇంకా పెండింగ్‌లో ఉంది, మా చేతుల్లో లేదు, కంపెనీని అడగండి" అన్నారు. కంపెనీ చాట్‌లో అడిగితే "మీ దగ్గర మేం ఒక్క ఛార్జ్ కూడా తీసుకోలేదు, మా సిస్టమ్‌లో ఏమీ కనిపించడం లేదు" అంటున్నారు. మరి నా బ్యాలెన్స్ ఎలా తగ్గింది? ఇద్దరిలో ఎవరు అబద్ధం చెబుతున్నారు? ఆ డబ్బుతో కట్టాల్సినవి ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. కార్డు బ్లాక్ చేయించేస్తే ఆగుతుందా?

లెక్కల చిట్టా

ముందు ఊపిరి పీల్చుకోండి, డబ్బు ఇంకా మీ అకౌంట్ దాటి పోలేదు. నేను ఆన్‌లైన్ పేమెంట్లు చూసే పనిలో చాలాకాలం ఉన్నాను, ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో. మీకు వింతగా అనిపిస్తుంది కానీ బ్యాంకూ అబద్ధం చెప్పలేదు, కంపెనీ కూడా చెప్పి ఉండకపోవచ్చు.

కార్డు పేమెంట్ అనేది మనకు ఒకే దెబ్బలో అయిపోయినట్టు కనిపిస్తుంది గానీ లోపల అది రెండు వేర్వేరు పనులు. మొదటిది ఆథరైజేషన్. కంపెనీ తరఫున వాళ్ల పేమెంట్ ప్రాసెసర్ (కార్డు పేమెంట్లు నడిపించే సంస్థ) మీ బ్యాంకుని "ఈ కార్డులో ఇంత ఉందా, ఉంటే నాకోసం పక్కన పెట్టు" అని అడుగుతుంది. బ్యాంక్ సరే అని ఒక కోడ్ ఇచ్చి, అంత మొత్తం మీరు వాడుకోకుండా పక్కకు తీసి పెడుతుంది. సీటు మీద రుమాలు వేసి ఉంచినట్టు అనుకోండి, ఇంకా ఎవరూ కూర్చోలేదు. రెండోది అసలు వసూలు. కంపెనీ "పక్కన పెట్టిన డబ్బు ఇప్పుడు ఇచ్చెయ్" అని మళ్లీ ఫైల్ పంపితేనే డబ్బు కదులుతుంది, అప్పుడే ఆ లైన్ పెండింగ్‌లోంచి పోస్టెడ్‌కి మారుతుంది. కొన్ని బ్యాంకులు ఆ మొదటి దశని పెండింగ్ అంటాయి, కొన్ని హోల్డ్ అంటాయి, ప్రాసెసింగ్ అనే పేరు కూడా చూశాను.

ఇప్పుడు మీ గొడవకి వద్దాం. చాట్‌లో కూర్చున్న మనిషి ముందున్న స్క్రీన్‌లో సాధారణంగా వసూలైన బిల్లులే కనిపిస్తాయి. వసూలు చేయలేదు కాబట్టి "ఛార్జ్ లేదు" అన్నారు. బ్యాంక్ స్క్రీన్‌లో మాత్రం హోల్డ్ ఉంది, ఆ హోల్డ్ అడిగినవాళ్లు వదిలేయమని చెప్పాలి, లేదంటే దాని గడువు తీరాలి, ఈ రెండూ కాకుండా బ్యాంక్ తనంతట తాను తీసేయడానికి ఇష్టపడదు. ఎందుకంటే హోల్డ్ తీసేశాక కంపెనీ ఫైల్ పంపితే, ముందే సరే అన్న పాపానికి బ్యాంకే ఆ డబ్బు కట్టాల్సి రావచ్చు. అందుకే ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసేసుకుంటున్నట్టు కనిపిస్తుంది, మధ్యలో నలిగేది మీరు.

మీ బ్యాంక్ యాప్‌లో రెండు రకాల బ్యాలెన్స్ ఉంటుంది, చూడండి. ఒకటి మొత్తం బ్యాలెన్స్, ఇంకోటి వాడుకోగలిగిన బ్యాలెన్స్. రెండోది మాత్రమే తగ్గి మొదటిది అలాగే ఉంటే నేను చెప్పిందే జరిగింది.

నీలిగోళీ

చూశానండి, మీరన్నట్టే ఉంది. మొత్తం బ్యాలెన్స్ మారలేదు, వాడుకోగలిగిందే తగ్గింది. చాలా థాంక్స్, కాస్త ధైర్యం వచ్చింది. కానీ అర్థంకానిది ఏమిటంటే, నేను క్యాన్సిల్ చేసేశాక కూడా అంత పెద్ద మొత్తం ఎందుకు పక్కన పెట్టమన్నారు? మొదట్లో కట్ అయిన ఆ చిన్న మొత్తం కూడా ఇంకా పెండింగ్‌లోనే ఉంది. రెండూ కలిపి పోతాయా?

లెక్కల చిట్టా

చిన్నది, పెద్దది వేర్వేరు పనుల కోసం వచ్చినవి.

చిన్నది కార్డు బతికుందా, నంబర్ సరైనదేనా అని చూసుకోవడానికి. నిజానికి సున్నా మొత్తంతోనే కార్డు చెక్ చేసే పద్ధతి వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్‌లలో ఉంది, కానీ అన్ని కంపెనీలూ దాన్ని వాడవు, అందుకని ఒక నామమాత్రపు మొత్తం హోల్డ్ పెట్టి వదిలేస్తుంటారు. అది వసూలు చేయడం వాళ్ల ఉద్దేశం కాదు, దానంతట అది పోతుంది.

పెద్దది ఎందుకంటే, కొన్ని కంపెనీల బిల్లింగ్ ట్రయల్ అయిపోయే నిమిషం దాకా ఆగదు. గడువుకి కాస్త ముందే కార్డులో డబ్బు ఉందో లేదో చూసుకుంటుంది. మీరు క్యాన్సిల్ కొట్టిన సమయం, ఆ హోల్డ్ పడిన సమయం పక్కపక్కన పెట్టి చూడండి. బ్యాంక్ యాప్‌లో ఆ లైన్ మీద నొక్కితే తేదీతోపాటు టైమ్ కూడా చాలాసార్లు ఉంటుంది, మెసేజ్ వచ్చి ఉంటే అందులోనూ ఉంటుంది. హోల్డ్ ముందు పడి క్యాన్సిల్ తర్వాత అయి ఉంటే అంతా సాఫీగా అర్థమవుతుంది, కంపెనీ ఆ హోల్డ్‌ని వసూలు చేయకుండా వదిలేస్తుంది. క్యాన్సిల్ ముందే అయిపోయి హోల్డ్ ఆ తర్వాత పడి ఉంటే మాత్రం వాళ్ల సిస్టమ్‌కి మీ క్యాన్సిల్ సరిగా చేరలేదేమో అని అనుమానించాలి, అప్పుడు ఊరుకోకండి.

ఎన్నాళ్లు ఉంటుంది అని అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ఆన్‌లైన్ కొనుగోళ్ల హోల్డ్ సాధారణంగా వారం అటూ ఇటూలో పోతుంది. మాస్టర్‌కార్డ్‌లో ప్రీ ఆథరైజేషన్ అని పంపితే 30 రోజుల వరకు చెల్లుతుంది, కాబట్టి ఎక్కువ రోజులు కనిపించినా భయపడాల్సిన పని లేదు. మీది ఏ రకమో బ్యాంక్‌ని అడిగితే గడువు తేదీ చెప్పగలరు. "ఈ హోల్డ్ ఏ తేదీన దానంతట పోతుంది" అని సూటిగా అడగండి, "నా డబ్బు ఎప్పుడొస్తుంది" అని అడిగితే వాళ్లు రిఫండ్ గురించి మాట్లాడుతున్నారనుకుని వేరే జవాబు చెబుతారు.

ఎర్రమట్టి దారి

పైన చెప్పినది నూటికి నూరుపాళ్లు కరెక్టే, కానీ "దానంతట పోతుంది, వెయిట్ చేయండి" అనే మాట విని చేతులు కట్టుకుని కూర్చోవద్దని నా గట్టి అభిప్రాయం. నీలిగోళీ గారికి మెయిల్ వచ్చింది కాబట్టి బతికిపోయారు. మా ఇంట్లోనే ఒకరు యాప్ డిలీట్ చేసేసి ట్రయల్ అయిపోయిందనుకున్నారు. యాప్ తీసేస్తే ఫోన్‌లో ఐకాన్ పోతుంది, అంతే, సబ్‌స్క్రిప్షన్ అలాగే నడుస్తుంది.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇంకోటి. ఎక్కడ మొదలుపెట్టారో అక్కడే ఆపాలి. ఫోన్‌లో యాప్ స్టోర్ ద్వారా తీసుకున్న ట్రయల్‌ని ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికితే క్యాన్సిల్ బటన్ కనపడదు, కంపెనీకి మెయిల్ రాస్తే "మా దగ్గర మీ పేమెంటే లేదు" అంటారు, అది నిజమే, ఎందుకంటే డబ్బు తీసుకునేది స్టోర్. ఆపిల్ ఫోన్లలో అయితే సెట్టింగ్స్‌లో పైన మన పేరు మీద నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ అని ఉంటుంది, గూగుల్ ప్లేలో ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కి పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ లోకి వెళ్లాలి. వెబ్‌సైట్‌లో కార్డు కొట్టి తీసుకున్నది ఈ రెండు చోట్లా కనిపించదు, ఆ వెబ్‌సైట్‌లోనే ఆపాలి.

ఆపిల్ వాళ్ల నియమం ఏమిటంటే ట్రయల్ అయ్యేలోపు కనీసం 24 గంటల ముందే ఆపేయాలి. చివరి రోజు సాయంత్రం ఆపుదాంలే అనుకునేవాళ్లకి దెబ్బ తగిలేది ఇక్కడే. మామూలు వెబ్‌సైట్లలో ఇంకో చిక్కు, ఏడో రోజు అంటే ఎవరి గడియారం ప్రకారం ఏడో రోజు? కంపెనీ సర్వర్ వేరే టైమ్‌జోన్‌లో లెక్కపెడుతుంటే మనకింకా గంటలు ఉన్నాయనుకునేసరికి అక్కడ తేదీ మారిపోయి ఉంటుంది. నేనైతే ట్రయల్ తీసుకున్న రోజే ఆపేస్తాను. చాలా వాటిలో ఆపినా గడువు దాకా వాడుకోనిస్తారు, కొన్నిట్లో మాత్రం ఆపిన క్షణమే మూసేస్తారు, అది ఆ క్యాన్సిల్ పేజీలోనే రాసి ఉంటుంది, చదవండి.

క్యాన్సిల్ పేజీల గురించి కూడా చెప్పాలి, ఒళ్లు మండుతుంది. క్యాన్సిల్ నొక్కితే "నిజంగానా" అని ఒక పేజీ, "ఎందుకు" అని ఇంకో పేజీ, "సగం ధరకే ఇస్తాం" అని మరో పేజీ, ఆఖరి పేజీలో మసక రంగులో చిన్న అక్షరాలతో అసలైన క్యాన్సిల్. మధ్యలో ఎక్కడ ఆగిపోయినా క్యాన్సిల్ కానట్టే. మెయిల్ రాకపోతే మళ్లీ లోపలికి వెళ్లి "ఈ తేదీతో ముగుస్తుంది" అని ఉందా, "ఈ తేదీన రెన్యూ అవుతుంది" అని ఉందా చూసుకోవాల్సిందే. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తేదీ టైమ్ కనపడేలా.

గాలిపటం22

కార్డు బ్లాక్ చేయించనా అని అడిగారు కదా, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. ఇప్పుడే వద్దు. కార్డు బ్లాక్ చేసినంత మాత్రాన ఇప్పటికే పెట్టిన హోల్డ్ పోదు, ముందే ఆథరైజ్ అయిన దాన్ని కంపెనీ వసూలు చేస్తే మూసేసిన కార్డు మీద కూడా పడుతుంది. కొత్త కార్డు వస్తే పాత సబ్‌స్క్రిప్షన్లు ఆగిపోతాయనీ గ్యారంటీ లేదు. వీసాలో అకౌంట్ అప్‌డేటర్ అని, మాస్టర్‌కార్డ్‌లో ఆటోమేటిక్ బిల్లింగ్ అప్‌డేటర్ అని సర్వీసులు ఉన్నాయి, బ్యాంకూ కంపెనీ రెండూ వాటిలో ఉంటే కొత్త కార్డు నంబర్, గడువు తేదీ కంపెనీకి వాటంతట అవే చేరిపోతాయి. మనకి మంచి కోసమే పెట్టారు, కార్డు మారినప్పుడల్లా అన్ని చోట్లా మార్చుకోనక్కర్లేకుండా. వదిలించుకోవాలనుకున్న సబ్‌స్క్రిప్షన్ కూడా అలాగే వెంటపడుతుంది.

కార్డులో డబ్బు లేకుండా ఉంచితే సరి అనేవాళ్లు కూడా ఉన్నారు. పేమెంట్ ఫెయిల్ అయితే సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ అయినట్టు కాదు, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తారు, జీతం పడిన రోజు పట్టుకుంటారు.

ఒకవేళ ఆ కంపెనీ పేరే మీరెప్పుడూ వినలేదు, ఏ ట్రయలూ తీసుకోలేదు అంటే మాత్రం అది వేరే కథ, అప్పుడు పెండింగ్‌లో ఉన్నా సరే వెంటనే బ్యాంక్‌కి చెప్పి కార్డు ఆపించాలి. ఆ తేడా గుర్తుంచుకోండి.

వేపచెట్టు నీడ

నీలిగోళీ గారూ, నేను ఒకప్పుడు బ్యాంకులో కార్డుల ఫిర్యాదులు చూసేవాణ్ణి, రిటైరయ్యాను. పెండింగ్ పోస్టెడ్‌గా మారిపోతే ఏం చేయాలో చెబుతాను, అది జరగకపోవచ్చు, అయినా తెలిసి ఉండటం మంచిది.

పెండింగ్‌లో ఉన్నదాని మీద డిస్ప్యూట్, అంటే ఈ వసూలు తప్పని బ్యాంక్‌లో పెట్టే ఫిర్యాదు, వేయడానికి మామూలుగా కుదరదు, వివాదం పెట్టడానికి అక్కడ ఇంకా లావాదేవీ పూర్తవలేదు. పోస్ట్ అయిన రోజున ముందు కంపెనీకి రాతపూర్వకంగా, అంటే మెయిల్‌లోనో చాట్‌లోనో, క్యాన్సిల్ మెయిల్ జతచేసి డబ్బు తిరిగివ్వమని అడగండి. చాలామంది అక్కడే ఇచ్చేస్తారు, ఎందుకంటే డిస్ప్యూట్ దాకా వెళితే వాళ్లకి ఫీజు పడుతుంది, అలాంటివి ఎక్కువైతే కార్డు నెట్‌వర్క్‌ల దగ్గర చెడ్డపేరు కూడా. ఇవ్వకపోతే బ్యాంక్‌లో డిస్ప్యూట్ వేయండి.

ఇక్కడ జనం ఎక్కువగా తప్పటడుగు వేసేది కారణం చెప్పేటప్పుడు. కోపంలో "ఇది ఫ్రాడ్, నేను చేయలేదు" అని చెప్పేస్తారు. కార్డు ఇచ్చింది మీరే, ట్రయల్‌కి ఒప్పుకున్నది మీరే, ఆ రికార్డు కంపెనీ దగ్గర మీ మెయిల్ ఐడీతో సహా ఉంటుంది, అది బయటపెడితే మీ కేసు వీగిపోతుంది. ఉన్నదున్నట్టు చెప్పండి, "సబ్‌స్క్రిప్షన్ నేను ఫలానా తేదీన రద్దు చేశాను, ఆ తర్వాత వసూలు చేశారు" అని. వీసా డిస్ప్యూట్ కారణాల్లో సరిగ్గా దీనికోసమే 13.2 అనే నంబర్ ఉంది, రద్దు చేసిన రికరింగ్ (గడువుకోసారి దానంతట అదే జరిగే) లావాదేవీ అని. మీరు ఆ నంబర్ చెప్పనక్కర్లేదు, కథ సరిగ్గా చెబితే బ్యాంక్ వాళ్లే ఆ గూటిలో వేస్తారు. గడువు నెట్‌వర్క్ వైపు నుంచి ఇలాంటి వాటికి 120 రోజులు, కానీ బ్యాంకులు అంతకంటే ముందే అడుగుతాయి కాబట్టి స్టేట్‌మెంట్‌లో చూసిన వెంటనే కదలాలి.

ఇంకో మాట. వీసా 2020 ఏప్రిల్‌లో ఫ్రీ ట్రయల్స్ మీద నియమాలు బిగించింది. ట్రయల్ తర్వాత ఎంత, ఎప్పుడు తీసుకుంటారో చెప్పి కస్టమర్ స్పష్టమైన ఒప్పుకోలు తీసుకోవాలి, వసూలుకి ముందు గుర్తుచేస్తూ క్యాన్సిల్ లింక్‌తో మెసేజ్ పంపాలి, ఆన్‌లైన్‌లో తేలికగా ఆపుకునే వీలు ఉంచాలి. మీకు అలాంటి రిమైండర్ రాకపోతే ఆ సంగతి కూడా ఫిర్యాదులో రాయండి, బలం చేకూరుతుంది.

నీలిగోళీ

అందరూ ఇంత ఓపిగ్గా రాసినందుకు నిజంగా కృతజ్ఞతలు. టైమ్‌లు పోల్చి చూశాను. హోల్డ్ పడ్డాక కొద్ది గంటలకి క్యాన్సిల్ అయింది, అంటే లెక్కల చిట్టా గారు చెప్పిన మొదటి సంగతే. చిన్న మొత్తం ఉన్న లైన్ ఈ మధ్యాహ్నం నుంచి కనిపించడం లేదు, కానీ రిఫండ్ వచ్చినట్టు ఎక్కడా ఎంట్రీ లేదు, దాన్ని తీసేసుకున్నారా?

లెక్కల చిట్టా

లేదండి, వదిలేశారు. హోల్డ్ పోయినప్పుడు జమ అయినట్టు ఎంట్రీ రాదు, డబ్బు అసలు బయటికి వెళ్లనే లేదు కాబట్టి తిరిగి రావడం అనేది ఉండదు. ఆ లైన్ మాయమవుతుంది, వాడుకోగలిగిన బ్యాలెన్స్ పెరుగుతుంది, అంతే. నెలాఖరు స్టేట్‌మెంట్‌లో కూడా దాని జాడ ఉండదు. పోస్ట్ అయ్యాక తిరిగి ఇస్తేనే రిఫండ్ అని విడిగా లైన్ వస్తుంది, దానికి మరికొన్ని రోజులు పడతాయి. కాబట్టి వాడుకోగలిగిన బ్యాలెన్స్ చూసుకోండి, పెరిగి ఉంటుంది.

పెద్ద మొత్తం గురించి, మీకు డబ్బు అవసరం అన్నారు కాబట్టి ఊరికే ఎదురుచూడకుండా ఒక ప్రయత్నం చేయొచ్చు. బ్యాంక్‌కి ఫోన్ చేసి ఆ హోల్డ్‌కి సంబంధించిన ఆథరైజేషన్ కోడ్ అడగండి, సాధారణంగా ఆరు అక్షరాలో అంకెలో ఉంటుంది. అది, మొత్తం, తేదీ, కార్డు చివరి నాలుగు అంకెలు మాత్రమే కంపెనీకి పంపండి, కార్డు పూర్తి నంబర్ గానీ ఓటీపీ గానీ చాట్‌లో ఎవరు అడిగినా ఇవ్వొద్దు. "ఛార్జ్ ఉందా" అని మళ్లీ అడగకండి, మళ్లీ అదే జవాబు వస్తుంది. "ఈ కోడ్‌తో ఉన్న ఆథరైజేషన్‌ని వాయిడ్ చేసి రివర్సల్ పంపండి, చాట్‌లో కుదరకపోతే బిల్లింగ్ టీమ్‌కి పంపించండి" అని రాయండి. వాళ్లు రివర్సల్, అంటే హోల్డ్ వదిలేయమని బ్యాంక్‌కి చెప్పే సందేశం, పంపితే కొన్ని బ్యాంకుల్లో గంటల్లోనే, కొన్నిట్లో ఒకట్రెండు పనిదినాల్లో హోల్డ్ విడిపోతుంది.

కొత్త చెప్పులు

మధ్యలో దూరుతున్నా, నాది క్రెడిట్ కార్డు, ఇలాంటిదే పెండింగ్‌లో ఉంది, వేరే దేశం కరెన్సీలో. వడ్డీ పడుతుందా? కరెన్సీ మార్పు ఫీజు పోతుందా?

వేపచెట్టు నీడ

పెండింగ్ మీద వడ్డీ ఉండదు, మీ లిమిట్‌లో అంత భాగం ఆగిపోతుంది, అదొక్కటే ఇబ్బంది. లిమిట్ అంచుల్లో ఉంటే వేరే పేమెంట్లు ఫెయిల్ అవుతాయి, చూసుకోండి. ఫీజు కూడా పోస్ట్ అయితేనే. హోల్డ్‌లో కనిపించే మొత్తం ఆ రోజు రేటు ప్రకారం వేసిన అంచనా, పోస్ట్ అయ్యే రోజు రేటు మారితే కాస్త ఎక్కువో తక్కువో పడుతుంది. వసూలు కాకుండా పోతే మొత్తం హోల్డ్ వెనక్కి వెళుతుంది, రేటు తేడా వల్ల నష్టం ఉండదు.

ఒక్కోసారి పోస్టెడ్ లైన్ వచ్చాక కూడా పాత పెండింగ్ లైన్ అలాగే పక్కన ఉండిపోతుంది, రెండుసార్లు తీసుకున్నారని కంగారు పడతారు. మొత్తం తేడా వల్లో రిఫరెన్స్ కలవకో బ్యాంక్ సిస్టమ్ రెండింటినీ జతచేయలేకపోయిందన్నమాట. పోస్టెడ్ ఒక్కటే ఉంటే ఒక్కసారే తీసుకున్నట్టు, మిగిలింది గడువుకి పోతుంది. రెండు పోస్టెడ్ లైన్లు కనిపిస్తే అప్పుడు ఫోన్ చేయండి.

నీలిగోళీ

కోడ్ తీసుకున్నాను, బ్యాంక్ వాళ్లు మొదట లేదన్నారు గానీ ఇంకోసారి అడిగితే ఇచ్చారు. కంపెనీకి లెక్కల చిట్టా గారు రాసిన మాటలే దాదాపు అలాగే పంపాను, ఈసారి వెంటనే బిల్లింగ్ టీమ్‌కి పంపించామని జవాబు వచ్చింది. హోల్డ్ గడువు తేదీ కూడా బ్యాంక్ చెప్పింది, వచ్చే వారం. ఈలోపు ఆ లైన్ పోస్టెడ్‌కి మారుతుందేమో రోజూ చూస్తుంటాను, మారితే క్యాన్సిల్ మెయిల్, చాట్ స్క్రీన్‌షాట్లు ఒకచోట సిద్ధంగా పెట్టుకున్నాను.